లెక్కపెట్టని ముడులు

ఏరు దాటించే పంటు ఇసుక మేట మీద కూర్చుండిపోయింది. పోటు ఎక్కితే గాని లేవదు. ఎక్కడానికి ఇంకో గంట పడుతుందని సరంగు బుచ్చిరాజు చెప్పాడు. పోటుపాట్లకు చంద్రుడు కారణమనీ, బోడసకుర్రు రేవులో ఎవరు ఎందుకు తొందరపడుతున్నారో ఆ చంద్రుడికి తెలియదనీ ముప్పయి ఆరేళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. నాకు నీటి మీద కోపం రాకూడదు. వస్తోంది. వైనతేయ అవతల పాశర్లపూడి కొబ్బరితోటలు చెయ్యి చాస్తే అందేటట్టున్నాయి. అక్కడి నుంచి బస్సెక్కితే పావుగంటలో మామిడికుదురు, బస్సు దిగితే నాలుగడుగుల్లో మా మేనత్త సువార్తమ్మ ఇల్లు, వీధి వైపు గదిలో నవారు మంచం, ఆ మంచం మీద తొంభై నాలుగేళ్ళ ఆవిడ. ఆవిడ కూతురు సుగుణ రాసిన కార్డు నా చొక్కా జేబులో ఉంది. నాలుగు వాక్యాలు, వాటిని ఉదయం నుంచి ఎన్నిసార్లు చదివానో, లెక్కల మాస్టారునై ఉండీ, చెప్పలేను. ‘బావగారికి నమస్కారములు. అమ్మకు బాగా నీరసముగా ఉన్నది. తాడు తెమ్మంటున్నది, ఎందుకో చెప్పదు. వెంటనే రావలెను.’ తాడు నా ఒళ్ళో చేతిసంచిలో ఉంది. మూడు బారల కొబ్బరి పీచు తాడు, చిటికెన వేలంత లావు, పొయ్యి పొగకు నల్లబడినది. ఏడేళ్ళ క్రితం ఆవిడ చేతిలోంచి నేను తీసుకున్నప్పుడు దానికి ఒక ముడి ఉండేది. ఇప్పుడు లేదు.

ఆ ముడి విప్పినవాణ్ణి నేనే. దాని గురించి నన్ను నేను మభ్యపెట్టుకోలేదు. విప్పడం ఒక ప్రయోగమనీ, ప్రయోగానికి మనోభావాలతో పని లేదనీ అప్పట్లో అనుకున్నాను, ఇంకా చెప్పాలంటే సభల్లో అన్నాను కూడా. ఎండ రేకుల పాక మీదుగా జారి నా చెప్పుల దాకా వచ్చింది. చమురు తవ్వేవాళ్ళ లారీ ఒకటి రేవు దారిలో అడ్డంగా ఆగి ఉంది, దాని నీడలో నలుగురు కూర్చున్నారు. మా తాత పేతురు కూడా ఇలాగే ఏదో రేవులో పోటు కోసం కూర్చుని ఉంటాడు. ఉంటాడు అన్నది ఊహ. ఊహను సాక్ష్యం అంటే నవ్వేవాణ్ణి. ఆయన ఓడ కళాసీ అన్నది మాత్రం ఊహ కాదు. బెండమూర్లంకకు వచ్చే తెరచాప ఓడల మీద బర్మాలో రంగం దాకా వెళ్ళి వచ్చేవాడనీ, ఎడమ ముంజేతి మీద లంగరు బొమ్మ పచ్చబొట్టు ఉండేదనీ మా నాయనమ్మ జ్ఞానమ్మ నాకు చెప్పింది. బియ్యం ఏరుతూ చెప్పింది. ఆవిడ ఏ విషయమూ ఖాళీ చేతులతో చెప్పేది కాదు.

కళాసీల ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేదట. మగవాడు ఓడెక్కే ముందు కొత్త తాడుకు ముడులు వేసి ఇంటిదాని చేతికి ఇస్తాడు. ఎన్ని నెలల ప్రయాణమో అన్ని ముడులు. ఆవిడ నెలకొకటి విప్పుతుంది. ఆఖరి ముడి విప్పే నెలకు ఆయన వస్తాడు. మా వాళ్ళు అప్పటికే గుడిసెలు వదిలి మిషను పేటలోకి వచ్చి, కొత్త పేర్లతో కొత్త దేవుణ్ణి కొలుస్తున్నారు గనుక నాయనమ్మకు అమావాస్యలతో పని లేదు. నెల మొదటి ఆదివారం ఆరాధన అయి ఇంటికి రాగానే, ముసుగు కూడా తియ్యకుండా, పొయ్యి మీది దూలానికి వేలాడే తాడు దించి ఒక ముడి విప్పేది. ఒక్క నియమం: ముడులు ఎంచకూడదు. పిల్లల్ని ఎంచరు, కాపుకొచ్చిన చెట్టు మీది గెలల్ని ఎంచరు, తాడు ముడులు ఎంచరు. ఎంచితే దారిలో ఉన్న మనిషికి దారి పెరుగుతుందట. అంచేత తాత ఎన్ని ముడులు వేసి ఇచ్చాడో ఆవిడ ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, ఆవిడకే తెలియదేమో కూడా. ఆయన వెళ్ళేనాటికి మా అత్తయ్యకు రెండేళ్ళు, మా నాన్న ఇంకా కడుపులో ఉన్నాడు. ముడులన్నీ విప్పుతూ వచ్చి, ఒక్కటే మిగిలిన నెలలో నాయనమ్మ తాడు దించి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం దాకా కూర్చుని, మళ్ళీ దూలానికి కట్టేసిందని అత్తయ్య అనేది. ఆ దృశ్యం అత్తయ్య కళ్ళతో చూసింది. తాడు ఒళ్ళో పెట్టుకున్న అమ్మ, ఉడకని అన్నం. ఆ ముడి విప్పితే గడువు తీరినట్టు. విప్పకపోతే ఇంకా నెల ఉన్నట్టే. ఆ నెల ముప్పయి యేళ్ళు గడిచింది, నాయనమ్మ పోయింది, తాడు అత్తయ్యకు వచ్చింది, ఆ నెల ఇంకో యాభై యేళ్ళు గడిచింది. కాలాన్ని ఒక పీచు ముక్కతో ఆపగలమనుకునే మనుషుల్ని చూస్తే నాకు జాలి వేసేది. జాలి అని రాస్తున్నాను. అది జాలి కాదు, చులకన.

ఉద్యోగ విరమణ చేసిన యేడు, డెబ్భై ఆరులో, నాకు సమయం చిక్కింది, వ్యసనం ఒకటి పట్టింది. తాత ఏమయ్యాడు? ఇంట్లో మాట, తుపానులో ఓడ మునిగిందని. ఏ తుపాను, ఏ ఓడ, ఏ యేడు? ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. మద్రాసులో మా తోడల్లుడి ఇంట్లో నెలన్నర ఉండి, పాత రికార్డుల కచేరీలో రోజూ పది నుంచి అయిదు దాకా, వేలు పెడితే పొడి రాలే పుస్తకాలు తిరగేశాను. ఓడ కళాసీల జాబితాల్లో ఆయన లేడు. నెల గడిచాక ఒక మధ్యాహ్నం, విసుగు కొద్దీ, వలస కూలీల రిజిస్టరు తెరిచాను. పద్దెనిమిది వందల తొంభై ఒకటి. పేతురు, తండ్రి పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది, గుర్తులు: ఎడమ ముంజేతి మీద లంగరు. పోయే చోటు: ఆఫ్రికాలో నేటాలు, చెరుకు తోటలు. ఓడ నడపడం వచ్చినవాడు మొదటిసారి ఓడ అడుగున సరుకులతో పాటు సరుకై వెళ్ళాడు. పొగ ఓడలు వచ్చి తెరచాపలు దించేశాయి, కళాసీలకు పని పోయింది. అది నాకు అక్కడే అర్థమైంది, ఆ మాత్రం చరిత్ర చదివాను. కాని నా వేలు దాని పక్క గడి మీద ఆగింది. వివాహితుడా? కాదు. వెంట ఎవరు? ఎవరూ లేరు. స్వదేశంలో దగ్గరి బంధువు? లేరు. మూడు గడులు, మూడు లేదులు. ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా అరచెయ్యి ఆనించి కూర్చున్న నాకు ఒక సిద్ధాంతం నిరూపించినప్పటి ఆనందం కలిగింది. ఉపపన్నము, అంటే రుజువైనది. మునగలేదు. వదిలేసి పోయాడు. రెండేళ్ళ కూతురూ కడుపుతో ఉన్న పెళ్ళామూ ఉండగా, నాకెవరూ లేరని రాయించి పోయాడు.

అత్తయ్య అరుగు మీద ఆ రిజిస్టరు నకలు చదివి వినిపించాను. ఇంగ్లీషు వాక్యం ఒకటి, దాని తెలుగు ఒకటి, క్లాసులో చెప్పినట్టు. ఆవిడ చింతపండు పిక్కలు తీస్తోంది. సాంతం విని, చెయ్యి ఆపకుండానే అంది:

“ముడుంది కదరా ఏసుపాదం. ముడున్నన్నాళ్ళూ మా నాన్న దారిలో ఉన్నట్టే.”

“అది తాడు అత్తయ్యా. దారి కాదు.”

“నీకు తాడే. నిన్ను కాదనలేదుగా.”

ఆ మెతకదనం నన్ను రెచ్చగొట్టింది. ఎదురు వాదించి ఉంటే వదిలేసేవాణ్ణేమో. లోపలికి వెళ్ళి, స్టూలెక్కి, దూలం మీంచి తాడు దించుకొచ్చి, ఆవిడ కళ్ళ ముందు, ఎనభై అయిదేళ్ళ ఆ ముడిని పెన్ను మూతి దూర్చి వదులు చేసి విప్పాను. అయిదు నిమిషాలు పట్టింది. పీచు పొడి నా పంచె మీద రాలింది. లోపల దాగిన ముక్క, పొగ సోకనిది, కొత్త పీచు రంగులో బెత్తెడు మేర బయటపడింది. “ఇదిగో, చూడు, ఏముంది?” అన్నాను. అప్పటికే ఆవిడ కళ్ళకు పొరలు వచ్చాయి, చూపు సరిగా ఆనదు. వేళ్ళతో తడిమి చూసింది. తడిమి, “అయితే తీసుకుపోరా,” అంది. “ఇంక నాకెందుకు?” తరవాత నాకు భోజనం వడ్డించింది. పులస కాదు గాని ఏదో మంచి చేపే. ముల్లు తీసి మరీ పెట్టింది, చిన్నప్పుడు పెట్టినట్టే.

తీసుకుపోయాను. తీసుకుపోయి ఊరుకోలేదు. అమలాపురంలో మా హేతువాద మిత్రుల సమావేశాల్లో బల్ల మీద ఆ తాడు పరిచి, అనుమానం మీద ఆశ ఎలా బతుకుతుందో, ఆశకు ఎలా ఆచారం తొడుగుతారో నలభై నిమిషాలు మాట్లాడేవాణ్ణి. రావులపాలెంలో మాట్లాడాను, కొత్తపేటలో మాట్లాడాను. చప్పట్లు కొట్టేరు. నా పేరు మార్చుకోమని కూడా అక్కడి మిత్రులు అనేవారు, ఏసుపాదం అనే హేతువాది ఏమిటండీ అని. ఆ పేరు పెట్టింది అత్తయ్య, అందుకని మార్చుకోలేదు. నాలో మిగిలిన మర్యాద అంతవరకే. ఆ మరుసటి యేడు సుగుణ ఒక మాట చెప్పింది, ఫిర్యాదుగా కాదు, పాలు పొంగాయన్నంత మామూలుగా. అమ్మ సాయంత్రం ప్రార్థనలో ‘సముద్రం మీదున్న వాళ్ళను కాయుము’ అనే మాట మానేసింది బావగారూ, ఎందుకో. ఎందుకో నాకు తెలుసు. విన్నాను, ఊఁ అన్నాను, మజ్జిగ తాగాను.

“రాజోలెందుకే అమ్మాజీ, మొన్ననేగా వెళ్ళొచ్చేవు?” బుచ్చిరాజు గొంతు. పంటు అంచు మీద కూర్చుని వెదురు గెడకు గుడ్డపీలిక చుడుతున్నాడు. ఒడ్డున చేతిసంచీ మీద కూర్చున్న మనిషి, ముప్పయి అయిదేళ్ళుంటాయేమో, చెప్పుల్లో ఇసుక దులుపుతోంది.

“ఏజెంటు గారు రమ్మన్నారు బాబాయ్. కాగితాలొచ్చేయంట. కువైటు.”

“మీ ఆయన ఒప్పుకున్నాడా?”

“ఆయన ఒప్పుకునేదేంటి, కాగితాల్లో ఆయన లేడుగా! నాకసలు పెళ్ళే కాలేదని రాసేరు ఏజెంటు గారు. మొగుడూ పిల్లలూ ఉన్నారంటే ఆ షేకు ఇంట్లో పనికి పెట్టుకోరంట. ఇంటికొచ్చి చెబితే, అయితే మళ్ళీ పెళ్ళిచూపులకి రమ్మంటావేంటే అని ఒకటే నవ్వు ఆయన.”

“కన్నెపిల్లవన్నమాట! మరా తెల్లెంట్రుకలో?”

“రంగేసుకోమన్నారులే. నీకూ ఓ డబ్బా తెమ్మంటావా?”

లారీ నీడలోని నలుగురూ నవ్వేరు. ఆమె కూడా నవ్వుతూ కొంగుతో మెడ తుడుచుకుని, ఎవరితోనూ కానట్టు, “రెండేళ్ళే,” అంది. “చిన్నదానికి రోజూ చెబుతున్నాను, రెండు క్రిస్మస్సులవ్వగానే వచ్చేస్తానని.”

అపరిచితులతో మాట కలపడం నాకు అలవాటు లేదు. ఎలా అడిగానో తెలియదు, కాని అడిగాను: “అలా రాయించుకోవడం అబద్ధం కదమ్మా?”

“ఆయ్, అబద్ధమేనండి మాస్టారూ,” అందామె, నా వైపు తిరిగి, ఏ మాత్రం సిగ్గు పడకుండా. “పిల్లల కోసం కదండీ. రేపు ఆ కాగితం చూసి, అమ్మాజీ మొగుణ్ణీ పిల్లల్నీ వదిలేసి పోయిందంటారేంటండి ఎవరైనా?”

అంటారు. అన్నాను. అరుగు మీద కూర్చుని, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి.

గాలి దిక్కు మారింది, ఉప్పు వాసన వేసింది, మొలలోతు నీటిలో ఒక దుంగ ఇంతసేపూ సముద్రం వైపు పోతున్నది ఆగి, కదలక, నెమ్మదిగా ఇటు తిరుగుతోంది. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళను ఓడెక్కించాలని వలస చట్టం. అది నాకు తెలుసు. ఆ చట్టం ఉన్న పుస్తకంలో పేజీ అంచున పెన్సిలు గీత కూడా గీశాను. పెళ్ళాం ఉందని చెప్పిన మగవాణ్ణి ఏజెంటు ఏమంటాడు? ఆడవాళ్ళ లెక్క కుదరాలి, తీసుకురా అంటాడు. కడుపుతో ఉన్నదాన్నీ, రెండేళ్ళ పిల్లనూ ఆ ఓడ అడుగున పడుకోబెట్టమంటాడు. ఎన్ని ఓడల అడుగులు చూసినవాడు మా తాత? లేదన్నాడు. లేదు, లేదు, లేదు. గీత గీసిన పేజీకీ, నకలు రాసుకున్న గడికీ మధ్య ఒక్క అడుగు, నేను వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదంటే, నాకు కావలసిన జవాబు అప్పటికే దొరికింది.

సంచిలో చెయ్యి పెట్టాను. తాడు చివర దొరికింది. కళ్ళకు అది తిన్నని తాడే, కాని బొటనవేలు అదిమి లాగితే అక్కడక్కడ పురి నలిగి, మెత్తబడి, చిన్న నొక్కు తగులుతుంది. ముడి కొన్ని నెలలో కొన్నేళ్ళో బిగిసి ఉన్న చోటు. పీచు మరిచిపోలేదు. బెత్తెడు దూరానికొకటి. ఏడేళ్ళు నా బీరువాలో ఉంది, ఎన్నో సభల్లో బల్ల మీద ఉంది, వందలమందికి చూపించాను. లెక్కపెట్టకూడదన్నది వాళ్ళ మూఢనమ్మకం. ముప్పయి ఆరేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి నేనెందుకు లెక్కపెట్టలేదు? తాడులో చదవడానికి ఏమీ లేదని ముందే తీర్పు చెప్పినందుకు. కాగితం మీద పరాయివాడు రాసిన మూడు గడులను సాక్ష్యమన్నాను. ఆయన సొంత చేతులతో, తెలిసిన ఒకే ఒక్క లిపిలో రాసి ఇచ్చినదాన్ని బల్ల మీద పరిచి నవ్వించాను.

ఇరవై మూడు దగ్గర లారీవాడు హారను కొట్టాడు, తప్పింది. మళ్ళీ మొదటి నుంచి. ఒకటి. రెండు. జ్ఞానమ్మ ముసుగు తియ్యకుండా చెయ్యి ఎత్తుతోంది. ఏడు, ఎనిమిది, మా నాన్న పుట్టి ఉంటాడు. ఇరవై. ఇరవై మూడు దాటింది. అత్తయ్యకు నాలుగేళ్ళు, దూలం కింద నిలబడి పైకి చూస్తూ ఉంటుంది. నలభై, పొగ, వాన, ఎన్ని మొదటి ఆదివారాలు. యాభై ఏడు, యాభై ఎనిమిది, యాభై తొమ్మిది. తరవాత నొక్కు లేదు. లేత రంగు బెత్తెడు ముక్క ఉంది, నేను బయటపెట్టినది. అరవై.

అరవై నెలలు. అయిదేళ్ళు. నేటాలు కూలీ ఒప్పందం సరిగ్గా అయిదేళ్ళు. ఇంట్లో ఎవరూ ఎంచరని ఆయనకు తెలుసు, అయినా ఒక్కటి తగ్గించలేదు, ఒక్కటి పెంచలేదు. వదిలేసి పోయేవాడు అరవై ముడులు వెయ్యడు; ఒక ముడి వేసినా చాలు, వెయ్యకపోయినా చాలు. ఏదో పాక చూరు కింద కూర్చుని, బెత్త కొలుచుకుంటూ, పూట పట్టి ఉంటుంది. మరి రాలేదేం? అయిదేళ్ళకు పని నుంచి విడుదల గాని, డబ్బు తీసుకోకుండా ఓడెక్కించి ఇంటికి పంపడం పదేళ్ళయితే గాని లేదు. అదీ ఆ పుస్తకంలోనే ఉంది. ఏజెంటు ఆయనకు మొదటిది చెప్పి రెండోది చెప్పలేదేమో. లేక ముడులు సగమయ్యేసరికే ఆ మట్టిలో కలిసిపోయాడేమో. లేక అక్కడ ఇంకొకావిడ బియ్యం ఏరి పెట్టిందేమో. తెలియదు. అరవై అన్నది వస్తానన్న మాటకు సాక్ష్యం, రాకపోవడానికి కాదు. అంతకు మించి నేను ఒక్క అడుగు కూడా వెయ్యను. ఈ జాగ్రత్త ఏడేళ్ళ క్రితం ఉండవలసింది. ఈ మాట ఆవిడకు చెప్పాలి. అత్తయ్యా, లెక్క తప్పు చేశాను, అసలు లెక్కే చెయ్యలేదు. మీ నాన్న అయిదేళ్ళకు వస్తానని చెప్పే వెళ్ళాడు. అరవై సార్లు చెప్పాడు. ఈ మూడు వాక్యాలు ఆవిడ చెవిలో పడితే చాలు.

“ఓడ తాడులా ఉందే, మాస్టారూ!” బుచ్చిరాజు నా పక్కన ఎప్పుడు నిలబడ్డాడో. తాడు కొస పట్టుకుని, బొటనవేలితో అదిమి లాగి, లేత ముక్క దగ్గర ఆగాడు. “ఇక్కడ ముడి ఊడిపోయిందండి. మా తాతలు ఏసే ముడి. నాకొచ్చండి, ఏసెయ్యమంటారా?”

“వద్దు,” అన్నాను. “అలాగే ఉండాలి.” తప్పు తప్పుగానే కనిపించాలి. దిద్దిన పలక చూపించి మార్కులు అడగకూడదు.

పంటు కిందకు నీరొచ్చింది. బల్లచెక్కలు కిర్రుమన్నాయి. లారీ ఎక్కింది, నలుగురూ ఎక్కేరు, అమ్మాజీ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కింది. నేను రెయిలింగు దగ్గర నిలబడి ఆ మూడు వాక్యాలను సరిచేసుకుంటున్నాను. ‘లెక్క తప్పు’ అనాలా, ‘నేను తప్పు’ అనాలా. ఆవిడకు కాస్త చెముడు, గట్టిగా చెప్పాలి. నది మధ్య నీరు రెండు రంగులుగా ఉంది.

పాశర్లపూడి ఒడ్డున గొడుగు కింద సుగుణ నిలబడి ఉంది. అరవై యేళ్ళ మనిషి, ఎండలో, నాకోసం. పంటు ఆనుకోకముందే నీళ్ళ అంచు దాకా వచ్చింది.

“బస్సు మీద బస్సు చూస్తున్నాను బావగారూ. ఇంక ఉండబట్టక రేవుకే వచ్చేసేను.”

“ఎలా ఉంది?”

“నిన్న మధ్యాహ్నం నుంచి మాట లేదండి. పిలిచినా పలకడం లేదు. చెవి దగ్గర అరిచి చూసేం, పాస్టరు గారు కూడా వచ్చి పాడేరు, వినపడ్డం లేదు.” ఆమె గొడుగు నా మీదికి జరిపింది. “చేతులు మాత్రం ఆగడం లేదు బావగారూ. దుప్పటంతా తడుముతోంది. అంచు దొరికితే పట్టుకుని, వేళ్ళతో నలుపుకుంటూ పోయి, వదిలేసి, మళ్ళీ వెతుకుతోంది.”

మూడు వాక్యాలు నా నోట్లోనే ఉన్నాయి. గడులు, చట్టం, అయిదేళ్ళు, పదేళ్ళు. వినే చెవి లేదు. చదివే వేళ్ళు పది ఉన్నాయి. ముడి లేదని తెలుసుకున్నది కూడా ఆ వేళ్ళే.

వెనక్కి తిరిగాను. బుచ్చిరాజు పంటును గుంజకు కట్టేస్తున్నాడు. నలభై యేళ్ళుగా రుజువు లేనిది ఎవరి చేతికీ ఇవ్వనివాణ్ణి, సంచిలోంచి తాడు తీసి అతని చేతిలో పెట్టి, లేత రంగు ముక్క చూపించాను.

“ఇందాక అన్నావే, ఆ ముడి వెయ్యవయ్యా.”

“ఆయ్.” అతను రెండు కొసలూ సవరించుకుని నా మొహంలోకి చూశాడు. “గట్టిగా బిగించెయ్యమంటారాండి, మళ్ళీ ఊడకుండా?”

“వద్దు,” అన్నాను. “ముసలావిడ. చేతుల్లో బలం లేదు. ఆవిడ విప్పితే ఊడి వచ్చేటట్టు వెయ్యి.”